చాన్స్‌లర్‌కు ‘వద్దు’ అని చెప్పగల పోలీసు

2011 నవంబర్ 18, శుక్రవారం మధ్యాహ్నం. కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్ నడిబొడ్డున పెద్ద పచ్చిక మైదానం. ఫీజుల పెంపును నిరసిస్తూ, ఆక్యుపై ఉద్యమానికి మద్దతుగా విద్యార్థులు అక్కడ గుడారాలు వేశారు. పోలీసులు వచ్చి వాటిని పీకేశారు. కొంతమంది విద్యార్థులు కాలిబాటకు అడ్డంగా చేతులు పెనవేసుకుని, తలలు వంచుకుని వరసగా కూర్చున్నారు. లెఫ్టినెంట్ హోదాలో ఉన్న ఒక క్యాంపస్ పోలీసు అధికారి పెప్పర్ స్ప్రే డబ్బాను అందరికీ కనబడేలా పైకెత్తాడు. తర్వాత వరస ఈ చివర నుంచి ఆ చివరదాకా నింపాదిగా నడుస్తూ, చేనుకు పురుగుమందు కొట్టినట్టు వాళ్ల ముఖాల మీద కొట్టుకుంటూ పోయాడు. నారింజ రంగు మందు జుట్టు మీదా చొక్కాల మీదా పేరుకుంది. చుట్టూ వందల సెల్‌ఫోన్లు తీస్తూనే ఉన్నాయి. ఆ వీడియోలు ప్రపంచమంతా తిరిగాయి.

ఆ తర్వాత కాలిఫోర్నియా సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి క్రూజ్ రేనోసో అధ్యక్షతన కమిటీ వేశారు. 2012 ఏప్రిల్‌లో నివేదిక వచ్చింది. ఆ ఘటనను ఆపగలిగి ఉండేవారు, ఆపి తీరాల్సింది అని తేల్చింది. లెఫ్టినెంట్ వాడిన డబ్బా ఆ శాఖ నిబంధనల్లో అనుమతి ఉన్న ఆయుధమే కాదు. అయితే ఆ నివేదికలో అందరూ దాటేసే సంగతి ఇంకొకటి ఉంది. గుడారాలను మధ్యాహ్నం మూడింటికి తీయించాలని నిర్ణయించింది పోలీసులు కారు, క్యాంపస్ అధిపతి అయిన చాన్స్‌లర్ లిండా కటేహి. మైదానం జనంతో నిండి ఉండే పట్టపగలు ఈ పని పెట్టుకోకూడదని పోలీసు శాఖలో అభ్యంతరాలున్నాయి. చీఫ్ ఆనెట్ స్పికూజా ఆ అభ్యంతరాన్ని చాన్స్‌లర్ ముందు పెట్టి నిలబడలేకపోయారు. కింద తన లెఫ్టినెంట్లనూ అదుపులో పెట్టలేకపోయారు. నివేదిక వచ్చిన నెలలోనే ఆమె పదవి వదులుకున్నారు. స్ప్రే బారిన పడిన 21 మందికి తలా 30,000 డాలర్లు ముట్టాయి. స్ప్రే కొట్టిన అధికారికి మానసిక క్షోభ కింద 38,000 డాలర్ల పరిహారం వచ్చింది. డేవిస్ కొత్త చీఫ్‌ను వెతుక్కోవాల్సి వచ్చింది.

యూనివర్సిటీకి పోలీస్ చీఫ్‌ను ఎలా ఎంచుకోవాలి? వినడానికి ఇది ఒక ఉద్యోగ ప్రకటనకు సంబంధించిన ప్రశ్నలా ఉంటుంది. అమెరికా విశ్వవిద్యాలయాల గత యాభై ఏళ్ల చరిత్ర తిరగేస్తే ఈ ప్రశ్నకు తప్పు జవాబు చెప్పినందుకు ప్రాణాలే పోయాయని తెలుస్తుంది. పెద్ద చదువులకు పిల్లల్ని అక్కడికి పంపుతున్న తెలుగు ఇళ్లకు ఇది పరాయి విషయమేమీ కాదు. 2023–24లో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వాళ్లలో మన పిల్లలు ఎంతమందో ఏ ఊళ్లో ఏ వీధిలో అడిగినా చెబుతారు.

మన అనుభవంలో ఇలాంటి పదవి లేదు. ఉస్మానియా యూనివర్సిటీ పోలీస్ స్టేషన్‌కు కొత్త ఇన్‌స్పెక్టర్ వస్తున్నారంటే ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చున్న విద్యార్థిని ఎవరూ సలహా అడగరు. వీసీని అడగాల్సిన పనీ లేదు. కమిషనర్ బదిలీ ఉత్తర్వు ఇస్తారు, మర్నాడు కొత్త సీఐ వచ్చి బాధ్యతలు తీసుకుంటారు. ఆ స్టేషన్ క్యాంపస్‌లో ఉన్నా నగర పోలీసుదే. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలకు సొంత పోలీసు శాఖే ఉంటుంది. రాష్ట్ర చట్టం ఇచ్చిన అధికారంతో ప్రమాణం చేసిన పోలీసులు, తుపాకీ, అరెస్టు చేసే హక్కు, సొంత కంట్రోల్ రూమ్, సొంత వాహనాలు. జీతం మాత్రం యూనివర్సిటీది. అక్కడి న్యాయశాఖ గణాంక విభాగం 2011–12లో 2,500 మందికి మించి విద్యార్థులున్న నాలుగేళ్ల కాలేజీలను సర్వే చేస్తే, ప్రభుత్వ సంస్థల్లో 92 శాతం, ప్రైవేటువాటిలో 38 శాతం ఇలాంటి పోలీసులను పెట్టుకున్నాయని తేలింది. మొత్తం మీద నూటికి 75 క్యాంపస్‌లలో సాయుధులు ఉన్నారు. ఏడేళ్ల ముందు ఆ లెక్క 68.

ఇదంతా 1894లో యేల్ యూనివర్సిటీలో ఇద్దరు కానిస్టేబుళ్లతో మొదలైంది. వైద్య విద్యార్థులు కోతల కోసం శ్మశానాల్లోంచి శవాలు ఎత్తుకుపోతున్నారని న్యూ హేవెన్ ఊళ్లో పుకార్లు లేచాయి. ఊరివాళ్లకూ విద్యార్థులకూ పొసగలేదు, విద్యార్థులకూ నగర పోలీసులకూ కొట్లాటలు. చివరికి నగర పోలీసుల్లోంచి ఇద్దరిని క్యాంపస్‌కే కేటాయించారు. వాళ్లిద్దరూ మెల్లగా విద్యార్థులతో కలిసిపోయారు. ఒకరు తర్వాత ఆ శాఖకు చీఫ్ అయ్యారు. అంటే తొలి క్యాంపస్ పోలీసు పుట్టిందే, రెండు వైపులా మాట చెల్లే మనిషి కావాల్సి వచ్చి. ఆ తర్వాత చాలా దశాబ్దాలు ఈ ఉద్యోగం గేటు కాపలా, తాళాలు, మంటలార్పే ఏర్పాట్ల చుట్టూ తిరిగింది.

మలుపు 1970లో వచ్చింది. మే 4న ఒహాయోలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీలో నేషనల్ గార్డ్ సైనికులు కాల్పులు జరిపి నలుగురు విద్యార్థులను చంపారు, తొమ్మిది మంది గాయపడ్డారు. పదకొండు రోజులకు మిసిసిపీలోని జాక్సన్ స్టేట్‌లో నగర, రాష్ట్ర పోలీసుల తూటాలకు ఇద్దరు బలయ్యారు. రెండుచోట్లా కాల్చినవాళ్లు బయటివాళ్లు. విద్యార్థి ముఖం తెలియని తుపాకీ క్యాంపస్‌లోకి వస్తే ఏం జరుగుతుందో యాజమాన్యాలకు తెలిసొచ్చింది. మన పోలీసు మనకు ఉంటే బయటివాణ్ణి పిలవాల్సిన పని ఉండదన్న ఆలోచన బలపడింది. రాష్ట్రాలు వరసగా చట్టాలు చేశాయి. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. క్యాంపస్ పోలీసుకు ఉన్న అసలు నైతిక బలం ఇదే. నగర పోలీసుకన్నా మెత్తగా, ఓపికగా, పిల్లల్ని ఎరిగి పనిచేస్తాడన్న హామీ మీదనే ఆ శాఖ నిలబడింది. ఆ హామీ నిలబెట్టగల చీఫ్ దొరకనప్పుడు యూనివర్సిటీ చేతిలో మిగిలేది ఇంకో సాయుధ దళం మాత్రమే.

రెండో మలుపు ఒక ఇంటి దుఃఖం నుంచి వచ్చింది. 1986 ఏప్రిల్ 5న పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీ హాస్టల్ గదిలో జీన్ క్లెరీ అనే 19 ఏళ్ల అమ్మాయిని తోటి విద్యార్థే చంపాడు. హాస్టల్ తలుపులు ఎవరో తెరిచి ఉంచితే, అలా తెరిచిన తలుపుల్లోంచే లోపలికి వచ్చాడు. అంతకుముందు మూడేళ్లలో ఆ క్యాంపస్‌లో 38 హింసాత్మక నేరాలు జరిగాయనీ, తమకెవరూ చెప్పలేదనీ తల్లిదండ్రులకు తర్వాత తెలిసింది. వాళ్లు వదల్లేదు. 1990లో చట్టం వచ్చింది, ఇప్పుడది క్లెరీ చట్టం పేరుతోనే నడుస్తోంది. ప్రభుత్వ సాయం తీసుకునే ప్రతి కాలేజీ ఏటా అక్టోబర్ 1లోగా తన క్యాంపస్ నేరాల లెక్కను బయటపెట్టాలి. ముప్పు ఉన్నప్పుడు వెంటనే హెచ్చరిక పంపాలి. తప్పితే జరిమానా. నిబంధనలు మీరినందుకు 2019లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీకి 45 లక్షల డాలర్లు, 2024 మార్చిలో లిబర్టీ యూనివర్సిటీకి 1 కోటి 40 లక్షల డాలర్లు పడ్డాయి. కాబట్టి ఇప్పుడు చీఫ్‌గా వచ్చే మనిషి దొంగల్ని పట్టడంతో పాటు నిజాన్ని లెక్కగట్టి అచ్చులో పెట్టాలి, ఆ నిజం యూనివర్సిటీ పేరుకు మచ్చ తెచ్చేదైనా సరే.

మరి ఎంపిక ఎలా జరుగుతుంది? పాత చీఫ్ పదవీ విరమణ చేస్తాడు, లేదా అతన్ని వెళ్లగొడతారు. డిప్యూటీల్లో ఒకరిని ఇన్‌చార్జిగా కూర్చోబెడతారు. ప్రొఫెసర్లు, సిబ్బంది, విద్యార్థులు, కొన్నిచోట్ల ఊరి పెద్దలు ఉన్న సెర్చ్ కమిటీ వేస్తారు. ఇలాంటి పనులకే ఉన్న కన్సల్టెంట్ సంస్థకు డబ్బిచ్చి దేశమంతా గాలిస్తారు. దరఖాస్తుల వడపోత, వీడియో ఇంటర్వ్యూలు, చివరికి ముగ్గురు నలుగురు మిగులుతారు. వాళ్లు ఒక్కొక్కరుగా రెండు రోజులు క్యాంపస్‌కు వస్తారు. పొద్దున డీన్లతో, మధ్యాహ్నం పోలీసు యూనియన్‌తో, సాయంత్రం హాల్లో అందరితో బహిరంగ సమావేశం. తర్వాత పాత ఉద్యోగాల చిట్టా, ఫిర్యాదులు, కోర్టు కేసులు, అప్పులు అన్నీ ఆరా తీస్తారు. ఎంపికైన వ్యక్తి వేరే రాష్ట్రం నుంచి వస్తే, కొత్తగా చేరే రాష్ట్రంలోని పోలీసు ప్రమాణాల మండలి గుర్తింపు పొందాలి. అది లేనిదే ఆయన వేసుకున్న యూనిఫాంకు చట్టబలం ఉండదు.

కాగితం మీద చూస్తే ముచ్చటేస్తుంది. ఒక ఎస్సై పోస్టింగుకు ఎమ్మెల్యే లేఖ కోసం తిరగడం చూసినవాళ్లకు, పోలీసు బాసు కాబోయే మనిషి వచ్చి పందొమ్మిదేళ్ల విద్యార్థి ప్రశ్నకు నిలబడి జవాబు చెప్పడం చూస్తే అసూయ కూడా కలుగుతుంది. కానీ ఆ బహిరంగ సమావేశమే ఇప్పుడు చాలాచోట్ల మాయమవుతోంది. పేరు బయటపడితే ఉన్న ఉద్యోగానికి ఎసరొస్తుందని అభ్యర్థులు భయపడుతున్నారనీ, అందుకే ఎంపికంతా లోపలే కానిస్తామనీ కన్సల్టెంట్లు చెబుతారు. ఆ భయం నిజమే కావచ్చు. అయినా ఒక ఊరంత జనాభా మీద తుపాకీ అధికారం తీసుకోబోయే మనిషి, ఆ జనం ముందు ఒక్క సాయంత్రం నిలబడలేనంటే ఆ పదవికి తగడు. చివరి ముగ్గురి పేర్లూ బయటపెట్టాల్సిందే. ఈ విషయంలో రాజీకి చోటు లేదు.

ఇంతకన్నా పెద్ద లోపం ఇంకొకటుంది. విశ్వవిద్యాలయాలు చీఫ్‌ను ఎప్పుడూ నిన్నటి గాయాన్ని చూసి ఎంచుకుంటాయి. రేపటి ప్రశ్న ఎవరూ అడగరు.

వర్జీనియా టెక్ సంగతే తీసుకోండి. 2007 ఏప్రిల్ 16. ఉదయం 7.15 ప్రాంతంలో ఒక హాస్టల్లో ఇద్దరిని కాల్చి చంపారు. వ్యక్తిగత గొడవ అయి ఉంటుందనుకుని పోలీసులు చనిపోయిన అమ్మాయి స్నేహితుడి కోసం వెతుకుతున్నారు. 8.25కు యాజమాన్య పెద్దలు సమావేశమయ్యారు. ఏం రాయాలి, ఎలా రాయాలి, జనం బెదిరిపోతే ఎలా అన్న చర్చ నడిచింది. తొలి ఈమెయిల్ 9.26కు బయటికెళ్లింది. అప్పటికే తొమ్మిది గంటల క్లాసులు నడుస్తున్నాయి. 9.40 ప్రాంతంలో అదే హంతకుడు నారిస్ హాల్ తలుపులకు గొలుసులు బిగించి లోపల మరో 30 మందిని చంపాడు. తమిళనాడు నుంచి వెళ్లి అక్కడ ఇంజినీరింగ్ పాఠాలు చెబుతున్న ప్రొఫెసర్ జి.వి. లోగనాథన్ వాళ్లలో ఒకరు.

విచారణ కమిటీ తేల్చిన విషయం వింటే గుండె చెరువవుతుంది. హెచ్చరిక సందేశం పంపే మీట పోలీసు శాఖ చేతిలో లేదు. ఆ ఏర్పాటు యాజమాన్య బృందానిది. శవాలు చూసినవాళ్లకు సందేశం పంపే దారి లేదు. సందేశం పంపగలిగినవాళ్లు సమావేశంలో కూర్చున్నారు. అందుకే ఆ కమిటీ స్పష్టంగా రాసింది: క్యాంపస్ పోలీసుకు సొంతంగా హెచ్చరిక పంపే అధికారమూ సాధనమూ ఉండాలి, అత్యవసర నిర్ణయాలు తీసుకునే అధికారికే పోలీసు నేరుగా జవాబుదారీ కావాలి, విధాన బృందంలో పోలీసుకు చోటుండాలి. 2008లో చట్టం మార్చి తక్షణ హెచ్చరికను తప్పనిసరి చేశారు. ఆ పైన వర్జీనియా టెక్‌కు జరిమానా వేస్తే, అప్పీళ్లు నడిచి చివరికి 32,500 డాలర్ల దగ్గర తేలింది.

వర్జీనియా టెక్ కాల్పులు జరిగిన 2007లోనే, డిసెంబర్ 13న లూసియానా స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్‌లోని విద్యార్థుల అపార్ట్‌మెంట్లో ఇద్దరు తెలుగు పీహెచ్‌డీ విద్యార్థులను ఇంట్లో చొరబడి కాల్చి చంపారు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో రెండు ఇళ్లల్లో ఆ రాత్రి మోగిన ఫోన్ల గురించి ఇక్కడ రాయడానికి మాటలు చాలవు. క్యాంపస్ భద్రత అనే మాట మన పత్రికల్లో పెద్ద అక్షరాల్లో కనబడడం మొదలైంది ఆ రోజుల్లోనే.

వర్జీనియా టెక్ తర్వాత పదకొండేళ్లకు యూటా యూనివర్సిటీలో జరిగింది ఇంకో రకం వైఫల్యం. లారెన్ మెక్‌క్లస్కీ, 21 ఏళ్ల అథ్లెట్. తనతో పరిచయం పెంచుకున్నవాడు పేరూ వయసూ అబద్ధం చెప్పాడనీ, లైంగిక నేరస్థుల జాబితాలో ఉన్నాడనీ తెలిసి దూరం జరిగింది. వేధింపులు మొదలయ్యాయి. ఫొటోలు బయటపెడతామని బెదిరించి వెయ్యి డాలర్లు గుంజారు. ఆమె క్యాంపస్ పోలీసులకు మళ్లీ మళ్లీ ఫోన్ చేసింది. వాళ్లు కదలడం లేదని నగర పోలీసులకు ఫోన్ చేస్తే, వాళ్లు తిప్పి క్యాంపస్ పోలీసులకే పంపారు. ఆ మనిషి పెరోల్ మీద బయట ఉన్నాడో లేదో ఒక్కరూ చూడలేదు. చూసి ఉంటే ఆ రోజే మళ్లీ జైలుకు పంపించే వీలుండేది. 2018 అక్టోబర్ 22న హాస్టల్ బయట, తల్లితో ఫోన్‌లో మాట్లాడుతుండగానే అతను ఆమెను ఎత్తుకుపోయి చంపేశాడు.

స్వతంత్ర సమీక్ష 30 సిఫార్సులు చేసింది. దీన్ని ఆపగలిగి ఉండేవాళ్లమని అనుకోవడానికి కారణం కనబడదని మొదట్లో యూనివర్సిటీ అధ్యక్షురాలు అన్నారు. రెండేళ్ల తర్వాత 2020 అక్టోబర్‌లో 1 కోటి 35 లక్షల డాలర్ల పరిష్కారం కుదిరినప్పుడు, ఇది ఆపగలిగిన హత్యేనని యూనివర్సిటీ ఒప్పుకుంది. మధ్యలో చీఫ్ దిగిపోయారు. పోలీస్ చీఫ్ పైన భద్రతాధికారి అనే కొత్త పదవిని సృష్టించి న్యూయార్క్ యూనివర్సిటీ నుంచి మార్లన్ లించ్‌ను తెచ్చుకున్నారు. ఏడాది తిరిగేసరికి ఆయన మిషిగన్ స్టేట్‌కు వెళ్లిపోయారు. ఫోన్ ఎత్తిన కానిస్టేబుల్ ఆ అమ్మాయి మాట ఎందుకు నమ్మలేదన్న ప్రశ్నకు జవాబు పదవుల పట్టికలో దొరకదు. రోజూ వచ్చిన ఫిర్యాదుల రిజిస్టరు తానే తిరగేసే చీఫ్ ఉంటే దొరుకుతుంది. ఇంటర్వ్యూలో అభ్యర్థిని అడగాల్సింది ఇదే: పోయినసారి ఒక ఫిర్యాదు కాగితాన్ని మీరే స్వయంగా చదివి, దర్యాప్తు తప్పుదారిలో ఉందని ఆపింది ఎప్పుడు?

సిన్సినాటి కథ ఇంకో రకం. 2015 జూలై 19న క్యాంపస్ పోలీసు ఒకడు యూనివర్సిటీ బయటి వీధిలో, ముందు నంబర్ ప్లేటు లేదని సామ్యుయెల్ డుబోస్ అనే నల్లజాతి పౌరుడి కారు ఆపి, కాల్చి చంపాడు. రెండుసార్లు విచారణ జరిగినా జ్యూరీ తీర్పు చెప్పలేకపోయింది. యూనివర్సిటీ ఆ కుటుంబానికి 48.5 లక్షల డాలర్లు ఇచ్చి, ఆయన 12 మంది పిల్లలకు ఉచితంగా డిగ్రీ చదువు చెప్పిస్తామంది. చీఫ్ రాజీనామా చేశారు. సిన్సినాటి చేసిన మంచి పని ఒకటుంది: తమ దగ్గరే పనిచేస్తున్న క్రిమినాలజీ ప్రొఫెసర్ రాబిన్ ఎంగెల్‌ను పిలిచి పోలీసు సంస్కరణ బాధ్యత అప్పగించింది. క్యాంపస్ బయట బండ్లు ఆపడం మానేయించింది. పోలీసు పద్ధతుల మీద పరిశోధన చేసే మనిషి పక్క భవనంలోనే ఉండగా, చాలా యూనివర్సిటీలు లక్షలు పోసి బయటి కన్సల్టెంట్‌ను తెచ్చుకుంటాయి.

పోర్ట్‌లాండ్ స్టేట్‌లో చర్చ తుపాకీ చుట్టూ తిరిగింది. 2014లో అక్కడి పాలకమండలి సాయుధ పోలీసుకు ఓటేసింది. విద్యార్థులు వద్దన్నారు. 2018 జూన్‌లో బార్ బయట కొట్లాట ఆపబోయిన 45 ఏళ్ల తపాలా ఉద్యోగి జేసన్ వాషింగ్టన్ క్యాంపస్ పోలీసుల తూటాలకు చనిపోయాడు. 2020లో చీఫ్ విల్లీ హాలిబర్టన్ హయాంలో ఇక తుపాకులు లేకుండా గస్తీ తిరుగుతామని ప్రకటించారు, మరుసటి ఏడు అమలు చేశారు. 2023లో మళ్లీ తుపాకులతో గస్తీ మొదలైంది. ఒకే శాఖ పదేళ్లలోపు మూడుసార్లు దిశ మార్చుకుంది. చీఫ్‌ను నియమించే ముందే యూనివర్సిటీ తనకు ఏ రకం భద్రత కావాలో తేల్చుకోకపోతే ఎంత సమర్థుడైనా గాలివాటు పడవ నడపాల్సిందే.

సొంతింటి మనిషా, బయటి మనిషా అన్నది సెర్చ్ కమిటీల్లో నిత్యం నలిగే వాదన. నగరంలోనో హైవే పోలీసులోనో ముప్పై ఏళ్లు చేసి పింఛను తీసుకుని వచ్చేవాళ్లు చాలామంది. డేవిస్ 2017లో కాలిఫోర్నియా హైవే పట్రోల్ కమిషనర్‌గా చేసిన జో ఫారోను తెచ్చుకుంది. యేల్ 2022లో న్యూ హేవెన్ నగర మాజీ చీఫ్ ఆంథొనీ క్యాంప్‌బెల్‌ను పెట్టుకుంది. హార్వర్డ్ 2021లో కాల్‌టెక్ భద్రతా విభాగం నుంచి విక్టర్ క్లేను తీసుకుంటే, నాలుగేళ్లకు సొంత పోలీసు యూనియనే అవిశ్వాసం ప్రకటించింది, ఆయన వెళ్లిపోయారు. ఇటు విస్కాన్సిన్ యూనివర్సిటీ మాడిసన్‌లో స్యూ రైస్‌లింగ్ 1991 నుంచి 2016 దాకా పాతికేళ్లు చీఫ్‌గా ఉన్నారు. 1993లో ఫుట్‌బాల్ స్టేడియంలో తొక్కిసలాట జరిగి పదుల మంది గాయపడ్డాక జనసమూహాల నియంత్రణను నేర్చుకుని, నేర్పించారు.

క్యాంపస్ పని వేరు. అక్కడ వచ్చే ఫోన్లలో తాగి పడిపోయిన కుర్రాడు ఉంటాడు, పరీక్ష తప్పి గది తలుపు తీయని అమ్మాయి ఉంటుంది, ల్యాబ్‌లో ఒలికిన యాసిడ్ ఉంటుంది, భాష సరిగా రాక భయంతో వణికిపోతున్న విదేశీ విద్యార్థి ఉంటాడు. నగరంలో హత్య కేసులు ఛేదించిన పేరు ఇక్కడ అక్కరకు రాకపోవచ్చు. బయటినుంచి వచ్చినా లోపలినుంచి ఎదిగినా ఒకటే చూడాలి: ఇంతకుముందు తన పైఅధికారికి ఎప్పుడైనా ఎదురు చెప్పి, దానివల్ల నష్టపోయిన సందర్భం ఉందా?

2024 వసంతంలో ఈ ప్రశ్నకు ఒక్కసారిగా పదును వచ్చింది. గాజా యుద్ధం మీద నిరసన గుడారాలు క్యాంపస్‌ల నిండా లేచాయి. కొలంబియా యూనివర్సిటీకి అప్పటికి అరెస్టు అధికారం ఉన్న సొంత పోలీసు లేదు. ఏప్రిల్ 18న అధ్యక్షురాలు న్యూయార్క్ పోలీసులను పిలిచారు, వందమందికి పైగా అరెస్టయ్యారు. ఏప్రిల్ 30 రాత్రి, నిరసనకారులు ఆక్రమించిన హ్యామిల్టన్ హాల్‌లోకి మళ్లీ పోలీసులు దిగారు. సరిగ్గా 1968లో అదే తేదీన, అదే భవనాన్ని ఖాళీ చేయించడానికి అదే నగర పోలీసులు వచ్చారు. 2024లో ఆ ఏప్రిల్ 30 రాత్రే లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏలో ముసుగులేసుకున్న గుంపు విద్యార్థుల గుడారాల మీద పడి గంటల తరబడి కొట్టింది. క్యాంపస్‌కు సొంత పోలీసు ఉంది, చీఫ్ ఉన్నారు. అయినా దాడిని ఆపే బలగం సమయానికి రాలేదు. నెల తిరగకముందే చీఫ్ జాన్ థామస్‌ను పక్కన పెట్టి, శాక్రమెంటో నగర మాజీ చీఫ్ రిక్ బ్రేజిల్ చేతికి కొత్త భద్రతా కార్యాలయం ఇచ్చారు. డేవిస్‌లో తొందరపడి కొట్టారు, యూసీఎల్‌ఏలో ఆపాల్సినప్పుడు రాలేదు. రెండుచోట్లా పైన కూర్చున్నవాళ్ల నిర్ణయానికీ కింద నిలబడ్డవాళ్ల చేతలకూ మధ్య తెగిన తీగ ఒకటే, రెండుచోట్లా బదులు చెప్పుకున్నది చీఫ్.

చట్టం కూడా ఒక్క తీరుగా లేదు. ప్రైవేటు యూనివర్సిటీ పోలీసు రికార్డులు జనం చూడవచ్చా అన్న ప్రశ్న ఒహాయో సుప్రీంకోర్టుకు 2015లో వస్తే, ఆటర్‌బైన్ యూనివర్సిటీ పోలీసు ప్రజా కార్యాలయమేనని తీర్పు వచ్చింది. పక్కనే ఉన్న ఇండియానాలో 2016లో నోటర్‌డామ్ యూనివర్సిటీ పోలీసుకు ఆ బాధ్యత లేదని అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. కొత్త చీఫ్‌ను తీసుకునేటప్పుడు ఒప్పందంలోనే రికార్డులు బయటపెడతామని రాయించుకోకపోతే, ప్రైవేటు క్యాంపస్‌లో జనానికి వేరే దిక్కులేదు.

ఇటీవలి ముప్పు మన పిల్లలకు నేరుగా తగిలేది. 2025లో ఫ్లోరిడాలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాల పోలీసు శాఖలు వలస చట్టాల అమలులో కేంద్ర అధికారులకు తోడ్పడే ఒప్పందాల మీద సంతకాలు చేశాయి. రాష్ట్రం ఆదేశించింది, చీఫ్‌లు సంతకం పెట్టారు. అర్ధరాత్రి రూమ్‌మేట్ కొట్టాడని ఫోన్ చేయాల్సిన విద్యార్థి, వచ్చే పోలీసు ముందు వీసా కాగితం అడుగుతాడేమోనని ఫోన్ పక్కన పెడితే ఆ క్యాంపస్‌లో ఎవరికీ భద్రత లేదు. 2023 జనవరిలో సియాటిల్‌లో ఆదోని అమ్మాయి కందుల జాహ్నవిని ఢీకొట్టి చంపింది నగర పోలీసు కారు. ఆమె చావు మీద ఫోన్‌లో నవ్విన అధికారిని ఏడాదిన్నర తర్వాత తీసేశారు. ఆ శాఖను జవాబడగడానికి విద్యార్థులకు ఏ కుర్చీ లేదు. క్యాంపస్ చీఫ్‌ను ఎంచుకునే కమిటీలో మాత్రం ఉంది. అందులో విదేశీ విద్యార్థి ఒకరు తప్పనిసరిగా కూర్చోవాలి.

మన దగ్గర చర్చ ఇంకా గోడ ఎత్తు దగ్గరే ఉంది. 2015లో యూజీసీ ఇచ్చిన భద్రతా మార్గదర్శకాల్లో ప్రహరీలు, బయోమెట్రిక్ హాజరుతో పాటు పెద్ద క్యాంపస్‌లలో పోలీస్ స్టేషన్ ఉంటే మంచిదన్న సలహా ఉంది. 2016 మార్చి 22న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పోలీసులు లాఠీలు ఝళిపించి విద్యార్థులతో పాటు ఇద్దరు అధ్యాపకులను పట్టుకుపోయారు. 2019 డిసెంబర్ 15న జామియా మిలియాలో అనుమతి లేకుండా పోలీసులు లోపలికి చొరబడ్డారని అక్కడి చీఫ్ ప్రాక్టరే చెప్పారు. 2017లో బనారస్ హిందూ యూనివర్సిటీలో వేధింపుల మీద నిరసన తెలిపిన అమ్మాయిలపై లాఠీచార్జి జరిగాకే, తొలిసారి ఒక మహిళను చీఫ్ ప్రాక్టర్ చేశారు. సెక్యూరిటీ ఆఫీసర్ పోస్టులో విశ్రాంత సైనికుడినో పోలీసునో వేసే మన వర్సిటీలు సొంత పోలీసు కోసం పరుగులు తీయనక్కర్లేదు. ఆ పోస్టుకు వచ్చే మనిషిని విద్యార్థి సంఘం, హాస్టల్ అమ్మాయిలు, కాంట్రాక్టు గార్డులు ఉన్న కమిటీ ముందు ఒక్క గంట కూర్చోబెట్టడం ఇవాళే చేయగలరు. దీనికి చట్టం అక్కర్లేదు, వీసీ సంతకం చాలు.

అమెరికాలో సీటు వచ్చిందని సంబరపడుతున్న అమ్మానాన్నలకు ఒక విన్నపం. ర్యాంకు, ఫీజు, ఉద్యోగావకాశాలు చూసినట్టే ఆ యూనివర్సిటీ వార్షిక భద్రతా నివేదిక కూడా తెరవండి. వెబ్‌సైట్‌లో ఉంటుంది, ఉచితం. గత మూడేళ్ల నేరాల పట్టిక చూడండి. హెచ్చరిక పంపే అధికారం ఎవరిదో రాసి ఉన్న పేజీ వెతకండి. అక్కడ చదువుతున్న పిల్లలు, కొత్త చీఫ్ కోసం బహిరంగ సమావేశం పెట్టారని మెయిల్ వస్తే తీసి పారేయకుండా వెళ్లి, ముందు వరసలో కూర్చుని, చాన్స్‌లర్ తప్పు ఆదేశం ఇస్తే ఏం చేస్తారని అడగండి.